యోరుబా కుటుంబ చిత్రాలలో ఓర్పు అనే నీతి భార్య ఒక్కదానికేనా?

వసుంధర_హన్మకొండ:

నైజీరియా నైరుతి రాష్ట్రాలలో యోరుబా భాషలో తీసే కుటుంబ కథాచిత్రాలు ఇప్పుడు యూట్యూబ్‌లో సబ్‌టైటిళ్లతో సులభంగా దొరుకుతున్నాయి. వాటిని చూసేవారు ఈ వేదికలో మరికొందరు ఉన్నారని తెలిసి ఈ ప్రశ్న పెడుతున్నాను. కాపురంలో ఏ కష్టం వచ్చినా చివరకు ఓర్చుకున్నవారే గెలుస్తారని ఆ చిత్రాలు చెబుతాయి. ఆ నీతి యోరుబా సంప్రదాయంలో నిజంగా ఉన్నదేనా, లేక సంప్రదాయం ఆలుమగలు ఇద్దరికీ చెప్పిన మాటలో భర్త వంతును తీసివేసి మిగిలినదంతా భార్య నెత్తిన పెట్టినదా? నేను రెండవ పక్షం.

కథ చట్రం చూసేవారందరికీ తెలిసినదే. పెళ్లయి ఏళ్లు గడిచినా సంతానం లేని భార్య ఒకరు, ఊరి నుంచి సంచీతో దిగి "నా మనుమడేడీ" అని అడిగే అత్తగారు ఒకరు, ఆవిడ కొడుకు కోసం తానే చూసి తెచ్చిన రెండవ భార్య ఇంకొకరు. పెద్ద భార్య వండిన అన్నం భర్త ముందు పెట్టి, మోకాళ్ల మీద కూర్చొని పలకరిస్తుంది. ఆయన మూత కూడా తీయకుండా కారు తాళాలు అందుకొని బయటికి వెళ్లిపోతాడు. కెమెరా మాత్రం ఆమె ముఖం మీదే నిలిచి ఉంటుంది. అప్పుడు వెనుక నుంచి ఒక పాట మొదలవుతుంది. మనం అంతవరకు చూసిన కథనే అది మళ్లీ చెబుతూ, ఏడవవద్దనీ ఓర్చుకోమనీ ఆమెకు బుద్ధులు చెబుతుంది. ఆమె ఉండబట్టలేక పుట్టింటికి వెళితే, కన్నతల్లి ఒక రాత్రి పడుకోనిచ్చి, తెల్లవారగానే స్వయంగా వెంటబెట్టుకొని వచ్చి మళ్లీ అదే గుమ్మంలో దిగబెడుతుంది. "ఇలే ఒకో, ఇలే ఎకో" అన్న నానుడి, అంటే మగని ఇల్లే ఆడదానికి బడి అన్న మాట, సరిగ్గా అక్కడ వినిపిస్తుంది. చివర సవతి కుట్ర బయటపడుతుంది, మగడు కాళ్లావేళ్లా పడతాడు, పెద్ద భార్యకు కాన్పు అవుతుంది, చాలాసార్లు కవలలు కూడానూ.

ఓర్పు మంచి గుణమని చెప్పినందుకు నాకు అభ్యంతరం లేదు. మూడు గంటల కథలో ఆ గుణం భర్తకు ఒక్కసారైనా పరీక్షగా ఎదురుకాకపోవడం మీదనే నా అభ్యంతరం.

లేగోస్_ప్రవాసి:

వసుంధర గారూ, నేను ఉద్యోగరీత్యా లేగోస్‌లో ఉంటున్నాను. ఈ చిత్రాలను ఇక్కడి వారు ఎలా చూస్తారో గమనించకుండా, తెర మీద కనిపించిన దానిని మాత్రమే చదివి నీతిని తేల్చడం తొందరపాటని నా మనవి. బలోగున్ మార్కెట్‌లో బట్టల దుకాణాల ముందు బేరాలు లేని మధ్యాహ్నవేళ, చిన్న టీవీ ముందో సెల్‌ఫోన్ ముందో నలుగురైదుగురు ఆడవాళ్లు చేరి ఈ చిత్రాలు చూస్తారు. వాళ్లు మౌనంగా చూడరు. భర్త తాళాలు తీసుకొని వెళ్లినప్పుడు వాడిని తిట్టిపోస్తారు. భార్య మళ్లీ అన్నం వండినప్పుడు "ఇంత పిచ్చిదానివేమే" అని ఆమెనూ తిడతారు. కన్నీళ్లు పెట్టుకునేదీ వాళ్లే, మధ్యలో కొనుగోలుదారు వస్తే ఒక్క నైరా కూడా తగ్గకుండా బేరం చేసేదీ వాళ్లే.

యోరుబా స్త్రీకి తన వ్యాపారం, తన పెట్టుబడి, తన సంచీ వేరుగా ఉండడం ఈనాటి సంగతి కాదు. మార్కెట్‌కు ఇయలోజా అనే స్త్రీ పెద్దగా ఉంటుంది, తగవులు తీర్చేదీ ఆవిడే. ఇటువంటి సమాజంలో ఓర్పు అంటే అణిగిమణిగి ఉండడమని అర్థం చేసుకుంటే పొరపాటు. ఇయాలే, అంటే పెద్ద భార్య, ఇంట్లో తన స్థానాన్నీ పిల్లల వాటానూ వదులుకోకుండా నిలబడడం ఒక ఎత్తుగడ. కోపంతో వెళ్లిపోయిన స్త్రీ తన చోటు సవతికి ఒప్పజెప్పినట్లే అవుతుంది. చిత్రంలోని ఓర్పును ఆ దుకాణాల ముందు కూర్చున్నవారు ఆ లెక్కలోనే చూస్తారు.

నాటక_విద్యార్థి:

ఈ చిత్రాలు సినిమా నుంచి పుట్టినవి కావు, నాటకం నుంచి వచ్చినవి. ఈ సంగతిని దృష్టిలో పెట్టుకోకపోతే నీతి ఎందుకు అంత గట్టిగా వినిపిస్తుందో అర్థం కాదు. హ్యూబర్ట్ ఒగుండే 1940లలో మొదలుపెట్టిన సంచార నాటక బృందం, దాని వెనుక వచ్చిన డ్యూరో లడిపో, మోసెస్ ఒలైయా, ఒయిన్ అడెజొబి వంటి వారి బృందాలు ఊరూరా తిరిగి ఆడేవి. యోరుబా భాషలో తొలి కథాచిత్రంగా చెప్పే అజానీ ఒగున్ (1976) ఒలా బలోగున్ దర్శకత్వంలో వచ్చింది. ఆ తరువాత ఈ బృందాల వారే నెమ్మదిగా సెల్యులాయిడ్‌కు, 1980ల చివర నుంచి వీడియోకు మారారు. నటులూ వారే, ప్రేక్షకులూ వారే, కథ చెప్పే పద్ధతీ అదే. (ఒగుండే తన బృందంలోని నటీమణులను వరుసగా పెళ్లాడి బృందం చెదరకుండా నిలుపుకున్న మనిషి. బహుభార్యాత్వం గురించి ఆ రంగస్థలం చెప్పిన నీతులను వినేటప్పుడు ఈ ముక్క కూడా గుర్తుంచుకోవడం మంచిది.)

అడెజొబి బృందంతో కలిసి పనిచేసిన పరిశోధకురాలు కారిన్ బార్బర్ 2000లో ప్రచురించిన గ్రంథంలో, ప్రేక్షకులు నాటకానికి ఎందుకు వచ్చారని అడిగితే "ఎకో", అంటే పాఠం, దొరుకుతుందని చెప్పేవారని వివరంగా రాశారు. అయితే ఆ పాఠం ఏమిటన్నది నటులు ముగింపులో చెప్పినంత మాత్రాన తేలిపోయేది కాదు. చూసిన ప్రతివారూ తమ జీవితానికి పనికివచ్చే ముక్కను ఏరుకొని పోయేవారు. ప్రవాసి గారు చెప్పిన దుకాణాల ముందు దృశ్యం దీనికి సరిపోతుంది. అయినా ప్రవాసి గారితో నేను పూర్తిగా ఏకీభవించను. అదే అడెజొబి బృందం టెలివిజన్ కోసం కోటూ అషిపా అనే ధారావాహికను ఆడింది. అందులో ఇంటి తగవులు న్యాయస్థానానికి వస్తాయి. ఇద్దరూ తమ మాట చెప్పుకోవాలి, ఇద్దరినీ ప్రశ్నిస్తారు, నవ్వులపాలయ్యేది ఎవరైనా కావచ్చు. వీడియో చిత్రాలలో ఆ న్యాయస్థానం మాయమైంది. తీర్పు చెప్పే పని కాలానికీ దేవుడికీ అప్పగించారు. వాది మాట వినేవారు లేనప్పుడు వాదికి మిగిలేది ఓర్పు ఒక్కటే.

వసుంధర_హన్మకొండ:

విద్యార్థి గారూ, నేను చెప్పదలచుకున్న దానికి మీరే దారి వేశారు. కోర్టు కంటే పాత మాట ఒకటి ఉంది.

యోరుబాల ఈఫా జోస్య సాహిత్యంలో ఇవా అనే స్త్రీ కథ ఉంది. వాండే అబింబోలా 1975లో శీలం అనే భావన మీద రాసిన వ్యాసం ద్వారా ఇది బయటి పాఠకులకు బాగా తెలిసింది. ఇవా అంటే శీలం. ఆమె తండ్రి సూరు, అంటే ఓర్పు. ఆయన సృష్టికర్త ఒలోడుమరేకు పెద్ద కొడుకు. ఇవాను పెళ్లాడినవాడు జోస్యానికి అధిపతి అయిన ఒరున్మిలా. ఈ కథకు ఒకటికి మించి పాఠాలు ఉన్నాయి. ఒకదానిలో ఇవాకే కొన్ని చెడ్డ అలవాట్లు ఉన్నాయంటారు. మరొకదానిలో ఆమె ఏ పని చేసినా ఒరున్మిలా వంక పెడతాడు. చేస్తే ఎందుకు చేశావని, చేయకపోతే ఎందుకు చేయలేదని. విసిగిపోయిన ఇవా మూటాముల్లె సర్దుకొని తండ్రి ఇంటికి వెళ్లిపోతుంది. ఆమె వెళ్లిన తరువాత ఒరున్మిలాకు ఊళ్లో గౌరవం పోతుంది, జోస్యం చెప్పించుకోవడానికి వచ్చేవారు తగ్గిపోతారు. అప్పుడతడు ఎగుంగున్ వేషం, అంటే పితృదేవతల ముసుగు, వేసుకొని ఇంటింటి ముందూ పాట పాడుతూ భార్యను వెతుక్కుంటూ తిరుగుతాడు.

ఇప్పుడు ఈ రెండవ పాఠాన్ని మన చిత్రాల చట్రం పక్కన పెట్టి చూడండి. వెళ్లిపోయినది భార్య, ఆమెను ఎవరూ తప్పు పట్టలేదు. వెళ్లినది సాక్షాత్తు ఓర్పు ఇంటికి, ఆ తండ్రి తెల్లవారగానే ఆమెను తీసుకువచ్చి దిగబెట్టలేదు. ఓర్పు లేనందుకు నష్టపోయినవాడు భర్త, వీధుల వెంట తిరిగి అది నేర్చుకోవలసి వచ్చినవాడూ భర్తే. శీలానికి తండ్రి ఓర్పు అన్న సామెతను చిత్రాలు పదేపదే వాడుకుంటాయి. ఆ సామెత పుట్టిన కథలో మాత్రం దాన్ని నేర్చుకోవలసి వచ్చింది మగవాడికి. సగాన్ని తీసివేశారని నేను అన్నది ఇందుకే.

శారద_బోస్టన్:

ఇది చదవగానే మన ఉత్తరకాండ గుర్తుకు వచ్చింది. క్షమ అన్నది భూమికే పేరు. సీత చివరకు వెళ్లినది ఆ తల్లి దగ్గరికే, రాముడు పిలిచినా తిరిగి రాలేదు. "భూదేవంత ఓర్పు" అని ఆడపిల్లలకు చెప్పేటప్పుడు ఆ భూదేవి కూతురిని మెట్టినింటికి తిరిగి పంపలేదన్న సంగతి మనవాళ్లూ చెప్పరు. పోలిక అంతవరకే, చర్చ యోరుబా చిత్రాల మీద కనుక ఇక ఆపుతాను.

లేగోస్_ప్రవాసి:

వసుంధర గారూ, ఇవా కథ బలమైనదే, కాదనను. అయితే వీడియో చిత్రం తీసేవాడు ఈఫా పద్యాన్ని ముందు పెట్టుకొని కథ రాయడు. అతని ముందు రెండు లెక్కలు ఉంటాయి, ఆ రెండూ మీరు గమనించవలసినవే.

మొదటిది అమ్మకం. వీసీడీల కాలంలో ఒకే కథను మొదటి భాగం, రెండవ భాగం అని విడదీసి లేగోస్‌లోని ఇడుమోటా మార్కెట్‌లో వేర్వేరు డబ్బాలుగా అమ్మేవారు. మొదటి భాగం ఆమె కష్టం కొసకు చేరిన చోట ఆగాలి, లేకపోతే రెండవది ఎవరూ కొనరు. ఆమె మొదటి భాగంలోనే కోర్టుకు వెళ్లి విడాకులు తెచ్చుకుంటే వ్యాపారం అక్కడికి సరి. యూట్యూబ్ వచ్చిన తరువాత కూడా రెండవ భాగం కోసం ప్రేక్షకులను ఆపి ఉంచే పద్ధతి పోలేదు. ఓర్పు అనే నీతిలో కొంత భాగం ఈ అమ్మకపు అవసరమే.

రెండవది ఎడి. ఒక మనిషి తన మతి తనకు లేకుండా ప్రవర్తించేటట్లు చేసే మంత్రప్రయోగాన్ని అలా అంటారు. మన చేతబడిలాగా దీని మీద నమ్మకం ఉన్నవారు ఇక్కడ చదువుకున్నవారిలోనూ ఉన్నారు. చిత్రాలలో భర్త అన్నం ముట్టకుండా వెళ్లిపోయేది సవతి పెట్టిన ఎడి వల్ల. అతడు దుర్మార్గుడు కాడు, రోగి వంటివాడు. రోగిని వదిలిపెట్టి వెళ్లే భార్యను ఏ సమాజం మెచ్చుకుంటుంది? కథ లోపలి తర్కం ప్రకారం ఆమె ఓర్పు సబబైనదే.

వసుంధర_హన్మకొండ:

ప్రవాసి గారూ, కథ లోపలి తర్కం సరిగా ఉండడమే నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది. మీరు చెప్పిన ఎడి వల్ల మగవాడు ఏ తప్పుకూ జవాబుదారీ కాకుండా పోతాడు. కొట్టినా అది మంత్రం, తిండి పెట్టకపోయినా మంత్రం, ఇల్లు వదిలి పోయినా మంత్రం. చివర సవతి నడివీధిలో తన పాపాలన్నీ ఒప్పుకొని పిచ్చిదైపోతుంది, మగడు నిద్ర లేచినవాడిలా లేచి క్షమాపణ చెబుతాడు. తప్పు మొత్తం ఒక ఆడదానిది, ఓర్పు మొత్తం మరొక ఆడదానిది. అత్తగారిని కూడా కలుపుకుంటే ముగ్గురూ ఆడవాళ్లే; మధ్యనున్న మగవాడు కథలో ఒక సామాను మాత్రమే. ఆ బట్టల దుకాణాల ముందు కూర్చున్న స్త్రీలు అతనిని ఎంత తిట్టినా, ఇంటికి వెళ్లిన తరువాత తమ భర్త ప్రవర్తనకు కారణం ఎక్కడ వెతుకుతారు? పక్కింటి ఆడదానిలోనా, ఆ మనిషిలోనా?

న్యాయవాది_గుంటూరు:

చర్చలో చట్టం మాట రాలేదు కనుక నాలుగు ముక్కలు చెబుతాను. నైజీరియాలో రిజిస్టరు వివాహాలకు 1970 నాటి మాట్రిమోనియల్ కాజెస్ చట్టం వర్తిస్తుంది. ఆచారం ప్రకారం జరిగిన వివాహాలను కస్టమరీ కోర్టులు రద్దు చేస్తాయి. యోరుబా ప్రాంతంలో ఇది కొత్తది కాదు. వలస పాలన తొలినాళ్లలో అబెఒకుటా వంటి పట్టణాలలో విడాకులు కోరుతూ న్యాయస్థానాల ముందుకు వచ్చిన స్త్రీల గురించి చరిత్రకారులు విస్తారంగా రాశారు. కన్యాశుల్కాన్ని తిరిగి చెల్లిస్తే వివాహం తెగిపోయేది. చాలా సందర్భాలలో ఆ సొమ్మును ఆమె పెళ్లాడబోయే కొత్త మనిషి చెల్లించేవాడు. ఈ రోజుకూ ఇబాదాన్‌లోని మాపో కస్టమరీ కోర్టు విడాకుల కేసుల వార్తలు నైజీరియా పత్రికలలో తరచు వస్తూ ఉంటాయి. ఆ వార్తలలోని తగవులు, అంటే అత్తగారి పెత్తనం, ఇంటి ఖర్చులు ఇవ్వకపోవడం, దెబ్బలు, మంత్రాల అనుమానం, అన్నీ మీరు చెబుతున్న చిత్రాలలోనివే. తేడా ఒక్కటే: అక్కడ కథ మూడు గంటలు సాగకుండా న్యాయమూర్తి తీర్పుతో ముగుస్తుంది, పిల్లల పోషణకు నెలకు ఎంత ఇవ్వాలో కూడా అందులోనే తేలుతుంది.

ఇంట్లో జరిగే హింస మీద లేగోస్ రాష్ట్రం 2007లోనే చట్టం చేసింది, ఫెడరల్ స్థాయిలో 2015లో మరొక చట్టం వచ్చింది. 2022 ఏప్రిల్‌లో అబూజాలో ఒక ప్రసిద్ధ సువార్త గాయని మరణించినప్పుడు, "ఓర్చుకో, ప్రార్థించు" అని భార్యలకు చెప్పే పెద్దల మీదా చర్చిల మీదా ఆ దేశమంతటా పెద్ద చర్చ జరిగింది. 2025లో న్యాయస్థానం ఆమె భర్తను దోషిగా తేల్చింది. ఆమె యోరుబా స్త్రీ కాదు, ఆమె జీవితం సినిమా కథా కాదు. అయినా ఓర్పు పాఠం గురించి మాట్లాడేవారు దానిని పక్కన పెట్టలేరు. ప్రవాసి గారు ఓర్పును ఎత్తుగడ అన్నారు. ఎత్తుగడ అంటే విరమించుకునే దారి కూడా ఉండాలి. ఆ దారిని చిత్రం చూపిస్తున్నదా?

లేగోస్_ప్రవాసి:

చూపించకపోవడం నిజమే. ఆ ఒక్క విషయంలో న్యాయవాది గారి మాటకు నా దగ్గర సమాధానం లేదు. అయినా ఒకటి చెప్పాలి: ఈ చిత్రాల నిర్మాతలలో స్త్రీలు చాలామంది ఉన్నారు. ఫున్కే అకిండేలే, టోయిన్ అబ్రహాం, ఫాతియా వంటి నటీమణులు సొంతంగా చిత్రాలు నిర్మించినవారే. మగవాళ్లు కూర్చొని ఆడవాళ్లకు నీతులు రాస్తున్నారని అనుకుంటే ఈ రంగం అర్థం కాదు.

నాటక_విద్యార్థి:

నిర్మాత స్త్రీ అయినంత మాత్రాన కథ చట్రం మారిపోదు. అమ్ముడుపోయే చట్రాన్ని ఎవరైనా వాడుకుంటారు. అయితే చట్రం నుంచి బయటికి వచ్చినవారు ఉన్నారు. టుండే కెలానీ 2001లో తీసిన థండర్‌బోల్ట్ చిత్రం అడెబయో ఫలేటి కథ ఆధారంగా వచ్చింది. భర్త యోరుబా, భార్య ఇగ్బో అనే మరొక జాతి స్త్రీ. ఆధారం లేని అనుమానంతో భార్య మీద నమ్మకం పోగొట్టుకున్నవాడు ఆ భర్త. ఆమె మీద మగూన్ అనే ప్రయోగం జరుగుతుంది. వ్యభిచారాన్ని శిక్షించడానికి భర్తలు పెట్టించేదిగా దానికి పేరు. అక్కడా మంత్రం ఉంది, కానీ అది భర్తను నిర్దోషిగా చూపించడానికి పనికిరాలేదు. అతని అనుమానమే కథకు మూలం. అకిన్వుమి ఇషోలా నవలను కెలానీయే 1997లో ఒ లే కూ పేరుతో తీశారు. అందులో ఒక విశ్వవిద్యాలయ విద్యార్థి పెళ్లి కోసం తొందరపెట్టే తల్లికీ, తాను ఆశపెట్టిన యువతులకూ మధ్య నలిగిపోతాడు; నిదానం లేక నష్టం తెచ్చినవాడు అక్కడ మగవాడు. వసుంధర గారు అడిగిన రెండవ సగం యోరుబా తెర మీద అసలు లేదనలేము. అది ఎక్కువ మంది చూసే రెండు భాగాల చిత్రాలలోకి రాలేదు, అంతే.

వసుంధర_హన్మకొండ:

ఆ రెండు చిత్రాలనూ నేను లెక్కలోకి తీసుకోకపోవడానికి కారణం ఉంది: విశ్వవిద్యాలయాలలో వాటి మీద వ్యాసాలు రాస్తారు, కాపురం ఎలా చేయాలో చెప్పేటప్పుడు మాత్రం వాటిని ఎవరూ ఉదాహరణగా చూపరు. పెళ్లి కూతురికి బుద్ధులు చెప్పే పెద్దలు తలుచుకునేది ఆ రెండు భాగాల చిత్రాలలోని పెద్ద భార్యనే.

న్యాయవాది గారి ప్రశ్నకు నా సమాధానం చెప్పి ప్రస్తుతానికి ఆగుతాను. విరమించుకునే దారిని మూసేది భర్త కాడు, అత్తగారూ కాదు. తెల్లవారగానే కూతురిని వెంటబెట్టుకొని దిగబెట్టే కన్నతల్లి. పెళ్లినాడు వరుడు స్నేహితులతో కలిసి వధువు పెద్దల ముందు బోర్లా పడుకొని సాష్టాంగపడతాడు; అమ్మాయిని అడిగి తెచ్చుకున్న ఇల్లు కనుక ఆ ఇంటికి ఆనాడు అంత పరపతి ఉంటుంది. అదే ఇల్లు ఒక్క రాత్రికి మించి ఆమెను ఉంచుకోలేకపోవడానికి కారణం డలెమొషు అన్న పేరు పడుతుందనే భయం. మగణ్ని వదిలి పుట్టింట కూర్చున్న స్త్రీని అలా అంటారు. చిత్రాలు ఆ భయాన్ని చూపిస్తాయి కానీ దానిని ఎన్నడూ ప్రశ్నించవు. ఆ తల్లి పాత్రకు కథలో ఐదు నిమిషాలు కూడా ఉండదు, ఆమె నిర్ణయం మీద ఒక్క సంభాషణ ఉండదు. దర్శకులు ఎవరైనా ఆ పాత్రను ప్రధానంగా తీసుకొని, గుమ్మం దగ్గర కూతురిని వదిలి తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఏమనుకున్నదో తీసి ఉంటే, ఆ చిత్రం పేరు ప్రవాసి గారు గానీ విద్యార్థి గారు గానీ చెబితే చూస్తాను.